పాత జీపుకి పెళ్లికళ!

ఓ పక్క హరియాణా, రోడ్డు దాటితే పంజాబ్, ఇంకాస్త ముందుకెళితే రాజస్థాన్. చుట్టూ పత్తి చేలు. సిర్సా జిల్లాలోని మండీ డబ్వాలీ చూడ్డానికి మామూలు మార్కెట్ ఊరే. కానీ పాత జీపంటే ప్రాణం పెట్టేవాళ్లకి మాత్రం అదో పుణ్యక్షేత్రం. తుప్పుపట్టిన ఇనుప డబ్బాలా వచ్చిన బండి ఇక్కడి షెడ్డుల్లోంచి పెళ్లికొడుకులా ముస్తాబై బయటికొస్తుంది.

రెండో ప్రపంచయుద్ధం కోసం 1941-45 మధ్య విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు ఆరు లక్షలకు పైగా జీపుల్ని తయారుచేశాయి. మనదేశంలో 1947లో మహీంద్రా సంస్థ విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. సైన్యం వేలంలో అమ్మేసిన బండ్లను కొని బాగుచేయడమే డబ్వాలీ మిస్త్రీల పనితనానికి పునాది.

సీటు కింద పెట్రోలు!

బయట రంగులేయడం ఒక ఎత్తు, లోపల సామాను అమర్చడం ఒక్కటే ఒక ఎత్తు. యుద్ధకాలం నాటి జీపుకి తలుపుల్లేవు, పైకప్పు గుడ్డదే. డ్యాష్‌బోర్డు మీద అయిదు మీటర్లు, అంతే. పెట్రోలు ట్యాంకేమో డ్రైవరు సీటు కిందే! పెట్రోలు పోయాలంటే సీటు ఎత్తాల్సిందే. మెత్తగా ఉంటుంది కదా అని ఏ కారు సీటో తెచ్చి పెడితే ఎత్తు పెరిగిపోయి మోకాళ్లు స్టీరింగుకి తగులుతాయి. అందుకే కొలతలు తీసుకుని, ఆ బండికే సరిపోయేలా సీటు చట్రం చేయాలి. దగ్గర్లో వెల్డింగు చేయాల్సివస్తే ముందు ట్యాంకు విప్పి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకైనా సరే, అందులోని ఆవిరి చాలు అంటుకోవడానికి.

నేల రేకు పల్చన. బోల్టు కింద వెడల్పాటి ఇనుప బిళ్ల వేయకపోతే నాలుగు గుంతలకే రేకు చిరుగుతుంది. సీటు బెల్టుల్నైతే రేకుకి కాకుండా బలమైన చట్రానికే బిగించాలి. బండి పైన తెరిచే ఉంటుంది కాబట్టి స్పాంజి నీళ్లు పీల్చకూడదు, నేలమీద వాన నీరు నిలవకూడదు. ఇక కరెంటు సంగతి. నాటి జీపులో ఉన్నది 6 వోల్టులే. పాటలూ ఫోన్ ఛార్జరూ కావాలంటే 12 వోల్టులకు మార్చాలి. దాంతోపాటు బ్యాటరీ, డైనమో, బల్బులూ మారాలి.

పని తెలిసిన మిస్త్రీ అన్నీ ఓసారి బిగించి చూసి, మళ్లీ విప్పి, ఆ తర్వాతే రంగు వేస్తాడు. రంగేశాక చిల్లు పొడిస్తే తుప్పు అక్కడినుంచే మొదలవుతుంది మరి.

చట్టం ఒప్పుకుంటుందా?

చిక్కంతా ఇక్కడే. తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికే ‘వింటేజ్’ గుర్తింపు. ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులుండకూడదు. ఆ గుర్తింపు తీసుకుంటే ప్రదర్శనలకూ ర్యాలీలకే తప్ప రోజూ తిరగడానికి లేదు.

అంటే తాతగారి జీపుకి మనవడు కొత్త సోకులు అద్దే ముందు, అది ఇంటి గుర్తుగా మిగలాలో, తన సరదా తీర్చాలో తేల్చుకోవాలి. మార్పులనే నమ్ముకుని బతికే మిస్త్రీకీ ఇది కూటి ప్రశ్నే. మధ్యేమార్గం ఒకటుంది. పాత చిల్లులకే కొత్త సామాను బిగించడం, బోల్టు విప్పితే వచ్చేసేలా అమర్చడం, తీసిన ప్రతి వస్తువునీ గోనెసంచిలో కట్టి యజమానికి అప్పగించడం.

కొత్త సీట్లో కూర్చుని ఊరంతా తిరిగినా, ఆ గోనెసంచి అటక మీద భద్రంగా ఉన్నంతకాలం తాతగారి జీపు ఇంట్లో ఉన్నట్టే!