తాడు తెగితే?

మా ఊళ్లో లిఫ్టు లేదు. అయినా పోయిన వారం తొమ్మిదో తరగతి పాప ఒకతె స్కూల్ ప్రాజెక్టు కోసమని లిఫ్టు సంగతి అడుగుతూ మా ఇంటికి వచ్చింది. ఫోన్‌లో బొమ్మలు బోలెడు దొరికాయి. పాపకు అవి పట్టలేదు.

"తాడు తెగితే ఏమవుతుంది అయ్యగారూ?"

ఆసుపత్రిలో నాన్నను స్ట్రెచరు మీద లిఫ్టులోకి తోస్తుంటే తను భయపడి ఎక్కలేదట. మూడంతస్తులూ మెట్ల మీద పరుగెత్తిందట. అది విన్నాక మేమిద్దరం రాత్రి పదకొండు దాకా వెతికాం.

చాలా లిఫ్టుల్లో గది ఒక్క తాడు మీద వేలాడదు, ఉక్కు తాళ్లు కొన్ని కలిసి మోస్తాయి. వాటి రెండో కొసన బరువు దిమ్మలుంటాయి. ఖాళీ గది బరువు, దానిపైన నిండు లోడులో సుమారు సగం. మోటారు ఆ తేడాను లాగితే చాలు. బావి గిలకకు రెండు చేదలు కట్టి తోడినట్టే. ఇది పాపకు ఇట్టే తెలిసింది, మాకే ఆలస్యమైంది.

గది వేగం హద్దు దాటితే గవర్నర్ అనే చక్రం తన తాడును బిగిస్తుంది. దాంతో గదికి ఉన్న దవడలు పక్క పట్టాలను కరచుకుంటాయి. 1854లో న్యూయార్క్‌లో ఎలీషా ఓటిస్ తాను నిలబడ్డ వేదిక తాడును జనం ముందే కోయించాడు. అప్పటికి స్ప్రింగు, పళ్ల పట్టాలే. వేదిక కాస్త జారి ఆగిపోయింది.

అది పాప రెండుసార్లు చదివించుకుంది.

మంగళవారం వాళ్ల నాన్నకు మళ్లీ ఆసుపత్రి. తనూ లిఫ్టులోనే వెళ్తానంటోంది.