బుచ్చమ్మకి నాలుగు గంటలకి ప్యాకప్

ఈ ఏడు మా బడి వార్షికోత్సవంలో 'కన్యాశుల్కం' రెండో అంకం నుంచి అగ్నిహోత్రావధాన్లు ఇంటి సీను వేశాం. అందులో నాకు వేషం లేదు. తెలుగు టీచరు నాకు అప్పజెప్పిన పని పేరు 'ప్రొడక్షన్ మేనేజర్'. అంటే పీటలు మోసే పని అన్నమాట అని మా తరగతిలో అందరూ నవ్వారు. ఒక రకంగా వాళ్లన్నది నిజమే, పీటలు కూడా మోశాను.

ఇంట్లో చెబితే మా తాతయ్య మాత్రం నవ్వలేదు. చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టి, "యూనిట్ ఎంతమంది?" అని అడిగారు. ఏడు పాత్రలు, పక్కన సాయానికి నలుగురు, టీచరు, నేను. "మొత్తం 13. టిఫిను 15 మందికి చెప్పు. ఎప్పుడూ ఇద్దరు ఎక్కువే ఉంటారు" అన్నారు. నాటకం ఏదని ఆ తర్వాత అడిగారు.

మా తాతయ్య సినిమాల్లో పనిచేశారని మా వీధిలో అందరికీ తెలుసు. ఏం పనిచేశారో మాత్రం ఎవరికీ సరిగ్గా తెలియదు. తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి 1968లో మద్రాసు వచ్చారు. అప్పుడు తెలుగు సినిమా అంటే కోడంబాక్కం, వడపళని, సాలిగ్రామం. మొదట ప్రొడక్షన్ బాయ్. అంటే సెట్లో అందరికీ కాఫీలు, మంచినీళ్లు అందించే కుర్రాడు. కొన్నేళ్లకి అసిస్టెంట్, ఇంకొన్నేళ్లకి మేనేజర్. తెల్లవారుజామున 4 గంటలకి లేచి ఏ కారు ఎవరింటికి వెళ్లాలో చూడాలి. టిఫిను ఎన్ని ప్లేట్లో లెక్క చెప్పాలి. ఔట్‌డోర్ అయితే పోలీసు పర్మిషను, రైలు టికెట్లు, బస, జనరేటర్‌కి డీజిలు. సాయంత్రం జూనియర్ ఆర్టిస్టుల వోచర్ల మీద సంతకాలు తీసుకుని డబ్బులివ్వాలి. ఇవన్నీ అయ్యాక రేపటి కాల్‌షీట్లు. తెర మీద ఇవేవీ కనపడవు. కనపడితే ఏదో తప్పు జరిగినట్టే అంటారాయన.

ఆ రోజుల్లో ఫిల్ము ఉండేది కదా, 1000 అడుగుల రోలు 11 నిమిషాలకి అయిపోయేదట. హీరోగారు ఆలస్యంగా వస్తే లైట్లు వెలుగుతూ, 100 మంది కూర్చుని, అద్దె నడుస్తూ ఉంటుంది. అందుకే మేనేజరు ఎప్పుడూ గడియారం వంకే చూస్తాడు. మా తాతయ్య ఇప్పటికీ అంతే. పెళ్లికి వెళ్తే వంటవాళ్లు తిన్నారో లేదో కనుక్కుంటారు. మా అమ్మకి అది చాదస్తంగా అనిపిస్తుంది.

1970ల నుంచి తెలుగు సినిమా కొంచెం కొంచెంగా హైదరాబాదు వెళ్లిపోయింది. అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో అక్కడ మొదలైంది. 1996లో రామోజీ ఫిలిం సిటీ వచ్చేసరికి ఇక్కడ మిగిలిన తెలుగు పనులు చాలా తక్కువ. తాతయ్య వెళ్లలేదు. అమ్మ చదువు ఇక్కడ, ఇల్లు ఇక్కడ. కొన్నాళ్లు తమిళ సీరియళ్లకి పనిచేసి మానేశారు. విజయా వాహినీ స్టూడియో ఉన్న చోట ఇప్పుడు ఆసుపత్రి, మాల్ ఉన్నాయి. మేం ఆ మాల్‌కి సినిమాకి వెళ్తే తాతయ్య ఎస్కలేటర్ పక్కన నిలబడి, ఫ్లోర్లు ఎటువైపు ఉండేవో చేత్తో చూపిస్తారు. వెనకవాళ్లు "కొంచెం తళ్లుంగో సార్" అనేదాకా కదలరు.

ఇక మా నాటకం సంగతి.

ఇందులో నటించినవాళ్లని పాత్రల పేర్లతోనే రాస్తాను. రిహార్సల్ నెల రోజులూ అలాగే పిలుచుకున్నాం, ఇప్పుడు అసలు పేర్లు రాస్తే నాకే కొత్తగా ఉంటుంది. మా బుచ్చమ్మ బాగా చేస్తుంది. గొంతు పెద్దది కాదు కానీ ఒక మాట అన్నాక ఆగి చూస్తుంది. అలా చూసినప్పుడు గిరీశం కూడా నవ్వడం మరచిపోతాడు. కష్టం ఏమిటంటే బడి 3:40కి అయిపోతుంది, రిహార్సల్ 3:45 నుంచి 5:30 దాకా. బుచ్చమ్మ 4 గంటలకల్లా బయల్దేరాలి. తమ్ముణ్ణి బాల్వాడీ నుంచి ఇంటికి తీసుకెళ్లాలి. వాళ్లమ్మ టిఫిన్ సెంటర్‌లో రాత్రి 7 దాకా పనిచేస్తారు, నాన్న లేరు. మొదటి వారం మూడు రోజులు సగంలో వెళ్లిపోయింది. నాలుగో రోజు టీచరు, "పాపం, ఆ అమ్మాయిని ఇబ్బంది పెట్టడమెందుకు, ఇంకెవరినైనా పెడదాం" అన్నారు. టీచరు కోపంతో అనలేదు, జాలితోనే అన్నారు. బుచ్చమ్మ సరేనని తల ఊపి సంచి సర్దుకుంది. అలాంటి వాటికి బాగా అలవాటైపోయినట్టు సర్దుకుంది.

ఆ రాత్రి తాతయ్యతో చెప్పాను. ఆయన ఒక పాత నోటుబుక్కు తెచ్చి చూపించారు. అడ్డంగా తేదీలు, నిలువుగా నటుల పేర్లు, గడుల్లో సీను నంబర్లు. సినిమా కథ వరసలో తీయరని నాకు అప్పుడే తెలిసింది. ఒక ఇంట్లో జరిగే సీన్లన్నీ ఒకేసారి తీస్తారు. పెద్ద నటుడు నాలుగు రోజులే ఇస్తే ఆయనవన్నీ ఆ నాలుగు రోజుల్లో పూర్తిచేస్తారు. ఆఖరి సీను మొదటి రోజే తీసిన సందర్భాలున్నాయట. "స్టారు కాల్‌షీట్ చూసి కదా అందరూ సర్దుకునేది? మీ స్టారు ఎవరో నువ్వు తేల్చుకో" అన్నారు.

నేను బుచ్చమ్మ ఉన్న చోట్లన్నీ పెన్సిల్‌తో గీతలు పెట్టాను. మూడే ముక్కలు. అన్నీ కలిపితే 9 నిమిషాలు. సోమ, బుధ, శుక్రవారాల్లో చివరి పీరియడు ఆటలది. పి.ఇ.టి. సారు దగ్గరికెళ్లి ఆ మూడు రోజులూ నలుగురిని వదలమని అడిగాను. ఆయన తమిళంలో రెండు నిమిషాలు తిట్టి, మూడు వారాలకి మాత్రమే అని ఒప్పుకున్నారు. 3 గంటల నుంచి 3:55 దాకా బుచ్చమ్మ సీన్లు. ఆ తర్వాత మిగతావాళ్లవి. కాల్‌షీట్ రాసి స్టాఫ్‌రూమ్ తలుపు పక్కన అంటించాను. దాని మీద ఎవరో ఎర్ర సిరాతో 'బుచ్చమ్మకి 4 గంటలకి ప్యాకప్' అని రాశారు. టీచరు చేతిరాతలాగే ఉంది.

సామాను కష్టం వేరే. పీటలు మూడిళ్ల నుంచి వచ్చాయి, వెనక ఎవరివో సుద్దతో రాసుకున్నాను. రాగి చెంబు మా ఇంటిదే. గిరీశం చేతిలో చుట్ట ఉండాలా వద్దా అని ఒక రోజంతా చర్చ జరిగింది. చివరికి అట్టముక్క చుట్టి, వెలిగించని చుట్ట అని సర్దుకున్నాం. వెలిగించని చుట్టతో గిరీశం ఏమిటో! కానీ మేనేజరుకి ఇలాంటి వాటిలో ఓటు ఉండదు.

వార్షికోత్సవం రోజు మాది ఆరో అంశం, 6:50కి. ముఖ్య అతిథి గంట ఆలస్యంగా వచ్చారు. 7 గంటలకి ఇంకా రెండో డాన్సు నడుస్తోంది. హాలు 9 గంటలకి ఖాళీ చేయాలి. కార్యక్రమాలు చూసే సారు లోపలికి వచ్చి, "నాటకం పది నిమిషాల్లో ముగించండి. గిరీశం ఇంగ్లీషు, వెంకటేశం ముక్కలు చాలు, జనం నవ్వుతారు. ఆ అమ్మాయి భాగం తీసేయండి" అన్నారు. బుచ్చమ్మ చీర కట్టుకుని నిలబడి వింటోంది.

చిన్నప్పుడే పెళ్లి చేస్తే విధవై పుట్టింట్లో పడి ఉన్న పిల్ల బుచ్చమ్మ. ఆమెని తీసేస్తే ఆ ఇంట్లో ఏం జరుగుతోందో చూసేవాళ్లకి ఎలా తెలుస్తుంది? గిరీశం తమాషాలు మాత్రమే మిగులుతాయి. 1892లో గురజాడ ఈ నాటకం వేయించింది అందుకు కాదు కదా. అయితే సారుతో ఇదంతా మాట్లాడలేదు. నా దగ్గర కాగితం ఉంది. ప్రతి ముక్కకీ వాచీ పెట్టి కొలిచిన టైము రాసుకున్నాను. నాటకం మొత్తం 22 నిమిషాలు. పీటలు పెట్టడం, తీయడం మూడు నిమిషాలు. మిగిలిన డాన్సులు మూడు, ఒక్కోటి 5 నిమిషాలు, మధ్యలో పాట పెట్టడానికి రెండేసి. బహుమతులకి 20. అన్నీ కలిపి 66 నిమిషాలు. "ఇప్పుడు 7:15 సార్. బహుమతులు ఆఖర్న కాకుండా ముందు పెడితే, ఆ టైములో తెర వెనక పీటలు సర్దేస్తాం. 8:20కల్లా అయిపోతుంది" అన్నాను. ఆయన కాగితం తీసుకుని వేలితో కూడుకుంటూ చదివారు. తర్వాత ఏమీ అనకుండా మైకు దగ్గరికెళ్లి బహుమతీ ప్రదానం అని ప్రకటించారు.

మేం 7:36కి తెర తీశాం. ఆలస్యం వల్ల ఒక మంచి జరిగింది. టిఫిన్ సెంటర్‌లో పని ముగించుకున్న బుచ్చమ్మ వాళ్లమ్మ, తమ్ముణ్ణి ఎత్తుకుని 7:40కి హాల్లోకి వచ్చారు. సరిగ్గా 6:50కే మొదలైతే ఆమె చూడగలిగేవారు కాదు. వెనక నిలబడే చూశారు, కుర్చీ వేస్తే కూర్చోలేదు. నేను పక్క తెరలోంచి రెండు వైపులా చూస్తున్నాను. బుచ్చమ్మ ఆగి చూసే చోట ఆగి చూసింది. హాల్లో ఎవరూ దగ్గలేదు.

నాటకం 23 నిమిషాలు పట్టింది. ఒక నిమిషం చప్పట్లది.

మర్నాడు తాతయ్య ముందు లెక్కలు పెట్టాను. బడి ఇచ్చింది 3,500. ఖర్చు 3,180. మిగిలిన 320 తిరిగి కట్టేశాను. తాతయ్య వోచర్లు ఒక్కొక్కటే తిప్పారు. తెర లాగిన వాచ్‌మన్ అన్నకి ఇచ్చిన 100 రూపాయల దగ్గర ఆగి, సంతకం ఉందో లేదో చూశారు. ఉంది. తర్వాత తన పాత నోటుబుక్కు మూయబోతూ ఒక పేజీ తెరిచారు. అందులో 2,400 అని రాసి ఉంది. విడుదల కాని ఒక సినిమాకి నాలుగు నెలల జీతం, నిర్మాత ఇవ్వలేదు. లైట్‌మన్‌లకి, జూనియర్లకి ఇవ్వాల్సింది మాత్రం అంతకుముందే ఇప్పించేశారట. వాళ్ల పేర్లన్నింటి మీదా కొట్టివేత గీతలున్నాయి. తాతయ్య పేరు మీద లేదు.

"టిఫిను సరిపోయిందా?" అని అడిగారు.

15 చెప్పాను. 16 మంది తిన్నారు. బుచ్చమ్మ తమ్ముణ్ణి నేను లెక్కలో వేసుకోలేదు కానీ కరటకశాస్త్రికి వడ ఇష్టం లేదట, వాడి ప్లేటు వీడికిచ్చాం.