పదవ తరగతి పిమ్మట

హైదరాబాదునకు ఉత్తరమున మేడ్చల్, శామీర్‌పేట లున్నవి. 1998లో స్థాపింపబడిన నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము శామీర్‌పేటలోనే కలదు. 2008లో బిట్స్ పిలానీవారి ప్రాంగణము దానికి సమీపముననే వెలసినది. ఆ ప్రహరీగోడల ప్రక్కగా సైకిళ్లపై బడికి పోవు పిల్లలెందఱో! లోపలివారు ఏ దారిన లోనికి పోయిరో వారిలో చాలమంది యెఱుగరు.

తెలుగునాట కౌన్సెలింగు అనగా ర్యాంకునుబట్టి సీట్లు పంచు తంతు. ఆ మాటకు సలహా చెప్పుట యని అసలు అర్థము. పేరు నిలిచినది, సలహా జాఱిపోయినది! ప్రభుత్వ పాఠశాలలలో ఆ బరువు సాధారణముగా ఉపాధ్యాయునిపైననే పడుచున్నది.

అది పదవ తరగతి ముగియకమునుపే జరుగవలసిన పని. ఇంటరులో గణితమును విడిచినవానికి ఇంజనీరింగు శాఖలు పెక్కు మూసికొనిపోవును. న్యాయవిద్యకు అట్టి నిర్బంధము లేదు. ఇంటరులో ఏ గ్రూపు చదివినవారైనను క్లాట్ పరీక్ష వ్రాయవచ్చును. త్వరగా పని నేర్వగోరువారు పాలిసెట్ వ్రాసి మూడేండ్ల డిప్లొమా చదువుదురు. పిదప ఈసెట్ ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరుటకును వీలున్నది. ఈ సంగతి తెలియక చదువు మానినవారు కలరు.

మేడ్చల్ కర్మాగారమున పనిచేయు తండ్రి యొకడు కుమార్తెను వెంటబెట్టుకొని బడికి వచ్చును. "సార్, మా పిల్లను ఏ గ్రూపుల ఏస్తే జల్ది కొలువొస్తది?" అని యడుగును. ఉపాధ్యాయుడు బాలికవైపు తిరిగి, "నీ మనసు దేనిమీద ఉన్నదమ్మా?" అనును. తండ్రి ఆశ్చర్యముతో బిడ్డను చూచును. ఆమె కొంత తడవాగి, "ఆ గోడ లోపల ఏం చదువుతరు సార్?" అని మెల్లగా అడుగును.