విరిస్తేనే తెలిసే రంగు

పసుపు కొమ్మును పైపైన చూసి ఎవరూ ధర కట్టరు. చేతిలోకి తీసుకుని పుటుక్కున విరుస్తారు. లోపల నారింజ ఛాయ నిండుగా ఉంటే సరుకు మంచిదన్నమాట! ఆర్మూరు ప్రాంతంలో చిన్నపిల్లలకూ తెలిసిన లెక్క ఇది. తవ్వి, ఉడకబెట్టి, రోజుల తరబడి ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పితే కొమ్ముకు పైమెరుగు వస్తుంది. లోపలి రంగు మాత్రం దాంతో మారదు.

మరి మనిషిని విరిచి చూసేదెలా?

తోట వైకుంఠం బొమ్మల ముందు నిలబడితే ఈ ప్రశ్నే ఎదురవుతుంది. 1942లో అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారాయన. హైదరాబాద్‌లో, ఆ తర్వాత బరోడాలో కె.జి.సుబ్రహ్మణ్యన్ దగ్గర చదువుకున్నారు. ఇంత చదివీ ఆయన ఎంచుకున్నది తెలంగాణ పల్లె ఆడవాళ్లనే. నుదుటన రూపాయి కాసంత బొట్టు, చేతినిండా గాజులు, ఎరుపూ పసుపూ కాషాయం చీరలు... చూడగానే ఇంట్లో పండగలా ఉంటుంది. ఒక్కసారి ఆ కళ్లు గమనించండి. చాలా బొమ్మల్లో ఆ చూపు పక్కకెటో పోతుంది. అలంకారమంతా చూసేవాళ్లకు, ఆలోచన ఆమె సొంతం!

చిన్నప్పుడు ఊరికొచ్చే నాటకాల్లో మగవాళ్లే ఆడవేషం కట్టేవారు. ఆ వేషాలే తనను కట్టిపడేశాయని ఆయన చెప్పేవారు. పైన చీర, లోపల మరో మనిషి! అమ్మ రూపమూ ఆయన కుంచెకు ప్రేరణే. బి.నర్సింగరావు తీసిన 'దాసి'కి కళాదర్శకుడిగా 1988 సంవత్సరపు జాతీయ అవార్డు అందుకున్నారు. గడీలో నోరు మెదపకుండా బతికిన ఆడమనిషి కథ అది.

అలాంటి ముఖాలు ఆర్మూరులోనూ ఎదురవుతాయి. పసుపంటే ఎనిమిది, తొమ్మిది నెలల కష్టం. ధర పడిపోయిన ఏడు కూడా రైతు ఇంటావిడ పండగపూట నిండుగా బొట్టు పెట్టుకుంటుంది. 'ఎట్లున్నవ్ వదినా?' అంటే 'మంచిగనే ఉన్నం' అంటుంది. బ్యాంకు అప్పు, బిడ్డ కాలేజీ ఫీజు ఆ మాటలో వినబడవు. 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. పంట గురించి అడిగేవాళ్లు పెరిగారు. పండించే ఆవిడ మనసు సంగతి అడిగేవాళ్లే తక్కువ.

కొమ్మును విరవక తప్పదు. మనిషికి అంత అక్కర్లేదు. 'మంచిగనే ఉన్నం' అన్న తర్వాత లేచి రాకుండా, ఇంకాసేపు అక్కడే కూర్చుంటే చాలు.