మంచం కోడు నేర్పిన పెన్ను

సత్తెనపల్లి నుంచి క్రోసూరు వచ్చే దారిలో ఎటు చూసినా పత్తి, మిర్చి చేలే. 2022 ఏప్రిల్ 4న మా ఊరు గుంటూరు జిల్లా నుంచి పల్నాడు జిల్లాలోకి వచ్చింది. పంటలు అవే. ఎద్దుల బళ్లు మాత్రం దాదాపు పోయాయి. తాతయ్య బండికి మిగిలింది చక్రం ఆకు ఒక్కటే. తుమ్మ కర్ర. అందులో పురుగు తినని భాగం జానెడు, అంటే ఒక్క పెన్నుకు సరిపడేంత. దాంతో నాన్నకి పెన్ను చేద్దామని, సంక్రాంతికి హైదరాబాద్ నుంచి చిన్న లేత్ తెచ్చుకున్నా. చెడితే మళ్లీ దొరికే కర్ర కాదు కాబట్టి ముందు వేప ముక్కల మీద మొదలుపెట్టా.

పని చూడటానికి తేలికే. కర్రని రెండు ముక్కలు చేసి, నిలువునా 7 మిల్లీమీటర్ల బెజ్జం వేసి, లోపల ఇత్తడి గొట్టం అంటించాలి. తర్వాత లేత్ మీద తిప్పుతూ ఉలితో చెక్కాలి. ముక్కని ఎలా పట్టి తిప్పాలన్నదే తిరకాసు.

మాండ్రెల్ అంటే సన్నటి ఉక్కు కడ్డీ. రెండు ముక్కల్నీ, వాటి చివర బుష్‌లనీ దానికి పూసల్లా గుచ్చి నట్టు బిగిస్తారు. రెండూ ఒకేసారి అయిపోతాయి. కానీ వేప ముక్క పూర్తయ్యాక బుష్ దగ్గర గోరు పెట్టి రాస్తే ఒక పక్క మెట్టు తగిలింది. ఎదుటి పక్క చెక్క లోపలికి పోయింది.

మా వీధి వడ్రంగి బాబాయ్ అది చూసి నవ్వాడు. "మంచం కోడుకి కడ్డీ ఎవరన్నా గుచ్చుతారా అబ్బాయ్? రెండు మొనల మధ్య పట్టి తిప్పుతాం. ఇరుసు వంగితే చక్రం ఎట్టా తిరుగుద్ది?"

విషయమంతా అందులోనే ఉంది. నట్టు గానీ వెనక మొన గానీ గట్టిగా బిగిస్తే సన్నటి కడ్డీ మధ్యలో వెంట్రుకవాసి వంగుతుంది. కడ్డీకీ బుష్‌కీ మధ్య సందు ఉంటే ఆ తేడా ఇంకా పెరుగుతుంది. రెండు మొనల పద్ధతిలో అసలు కడ్డీయే ఉండదు. గొట్టం చివరల్లో బుష్‌లు పెట్టి, వాటి గుంటల్లో మొనలు ఆనిస్తారు. వంగే వస్తువు లేనప్పుడు వంకర ఎక్కడిది? ప్రోగ్రామ్‌లో అయినా అంతే, భాగాలు తగ్గితే తప్పులు దాక్కునే చోట్లు తగ్గుతాయి. కాకపోతే ఒక్కో ముక్కా విడిగా చేసుకోవాలి, గుంటలు 60 డిగ్రీల కోణంలో సరిగ్గా ఉండాలి. అలాంటి బుష్‌లు సత్తెనపల్లిలో ఒక ఇనుప లేత్ షాపులో చేయించా.

లేత్ పని మనకి కొత్త కాదు. ఏటికొప్పాకలో తిరిగే అంకుడు కర్రకి లక్క ఆనిస్తే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. ఆ బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు వచ్చింది. 1935లో గాంధీజీ మెచ్చుకుంటూ ఉత్తరం రాసిన రాజమండ్రి రత్నం పెన్నులూ లేత్ మీద పుట్టినవే.

మీరూ మొదలుపెడితే మాండ్రెల్ తప్పేం కాదు. నట్టు వేళ్లతో బిగించి ఆపండి, ఉలికి పదును పెట్టి పల్చగా చెక్కండి. ఒక్కటే ముక్క ఉంటే మాత్రం మొనల మధ్యే పట్టండి.

తుమ్మ కర్ర రాయిలా ఉంటుంది. రెండు ముక్కలకీ ఒక పూట పట్టింది. ఈసారి గోటికి ఎక్కడా మెట్టు తగల్లేదు. ఇప్పుడు మిర్చి కోత కూలీల లెక్కలన్నీ నాన్న దాంతోనే రాస్తున్నాడు.