తోటరాముడి వేషం

ఆరో తరగతిలో ఉన్నప్పుడు బళ్లో నాటకం వేశారు. 'పాతాళభైరవి'లోంచి నాలుగు రంగాలు. సినిమా 1951లో వచ్చింది, నేను పుట్టకముందే. అయినా మా కోయిలకుంట్లలో ఆ డైలాగులు నోటికి రాని పిల్లోడు లేడు. నేను తోటరాముడి వేషం అడిగాను. అయ్యవారు నా మొహంలోకి చూసి, "నువ్వు సాయిబువు గదరా, మాంత్రికుడు వెయ్. మీకు గడ్డం బాగుంటాది" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నేపాళ మాంత్రికుడి వేషం వేశాను. బాగా వేశానని పలక బహుమానం ఇచ్చారు కూడా.

ఆ పలక సంగతి ఇన్నేళ్లకు మళ్లీ గుర్తొచ్చింది, నా మనవరాలి వల్ల. నంద్యాలలో తొమ్మిది చదువుతోంది. పోయిన ఎండాకాలం సెలవులకొచ్చి, అన్నం మీద ధ్యాస లేకుండా ఒక ఇంగ్లీషు నవల చదువుతూ కూర్చుంది. లాయిడ్ అలెగ్జాండర్ అనే అమెరికా రచయిత 1964 నుంచి 1968 దాకా రాసిన ఐదు నవలల్లో మొదటిదంట. "కథేంది మే?" అన్నాను. టారన్ అని ఒక పిల్లోడు. అమ్మానాన్నా ఎవరో తెలీదు. పందిని కాసేదానికి సాయంగా ఉంటాడు. ఆ పంది జోస్యం చెప్తుంది. అది పారిపోతే వెతుక్కుంటూ పోయి దుష్టరాజుల మీద యుద్ధంలో పడతాడు.

పంది అనేసరికి మా ఇంట్లో ఆడమనిషి, "తోబా తోబా! ఇంట్లో ఇవేం సదువులు?" అని చెంపలేసుకుంది. నాకు మాత్రం పంది కాపరి నచ్చాడు. తోటమాలి కొడుకు రాకుమారిని గెలిచినట్టే కదా.

మనవరాలు నిద్రపోయాక ఆ పుస్తకం నేనూ చదివాను. ఆ కథల వేర్లు వేల్సు దేశపు పాత కథల్లో ఉన్నాయి. 'మాబినోగియన్' అంటారు. చచ్చిన సైనికుల్ని అందులో వేస్తే లేచి వచ్చే కొప్పెర ఒకటుంది ఆ కథల్లో. లేచినవాళ్లకు మాట మాత్రం రాదు. అలెగ్జాండర్ వేల్సువాడు కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయిగా ఆ దేశానికి పోయి, ఆ కొండల్నీ కోటల్నీ చూసి మనసు పారేసుకున్నాడు. పంతొమ్మిదో శతాబ్దంలో అక్కడి కొన్ని బళ్లలో సొంత భాష మాట్లాడిన పిల్లల మెళ్లో చెక్కముక్క వేలాడదీసేవారు. చిన్నచూపు చూసిన ఆ భాషలోని కథలే ఇప్పుడు నంద్యాల పిల్లకు నిద్ర పట్టకుండా చేస్తున్నాయి.

ఆ పిల్ల తనూ ఒక కథ మొదలుపెట్టింది. నోటుపుస్తకం చూపించింది. కుందేరు ఉంది, పాడుబడ్డ బురుజు ఉంది, బురుజు కింద సొరంగం ఉంది. కథానాయిక పేరు మాత్రం ఎలీనా. "కుందేటి గడ్డన ఎలీనా ఎవరు మే?" అన్నాను. "మన పేర్లు మ్యాజిక్ కథల్లో బాగుండవు తాతా. హుసేనమ్మ అని పెడితే క్లాసులో నవ్వుతారు."

నాకు కోపం రాలేదు. పలక గుర్తొచ్చింది.

నేను చందమామ చదివి పెరిగినవాణ్ణి. 1947 జులైలో మొదలైన ఆ పత్రిక ఇప్పుడు లేదు. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ల కోసం నెల నెలా ఎదురుచూసేవాణ్ణి. ఆయన పేరు వాటి మీద ఉండేది కాదు, పెద్దయ్యాక తెలిసింది. ఖడ్గవర్మ, జీవదత్తుడు, జయశీలుడు, సిద్ధసాధకుడు - వీళ్లంతా నా స్నేహితులు. అడవిలో వాళ్ల వెనకాలే నడిచాను. ఆ గుంపులో ఒక్క మస్తాను, ఒక్క దస్తగిరి ఎందుకు లేడని అప్పుడు అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. అదే ఇప్పుడు బాధ.

ఆయన 'ముగ్గురు మాంత్రికులు'లో పింగళుడనే జాలరి ఉంటాడు. మాంత్రికులు వచ్చి, మమ్మల్ని కట్టేసి సరస్సులో పడెయ్యమంటారు. పెద్దయ్యాక వెయ్యిన్నొక్క రాత్రులు చదువుతుంటే జూదర్ అనే జాలరి ఎదురయ్యాడు. అదే సరస్సు, అదే కట్టెయ్యడం! ఆ రాత్రి నాకు ఉక్రోషం వచ్చింది. కథ కావాల్సొచ్చింది, పేరు పనికిరాలేదా?

ఇక్కడ నన్ను నేనే అడ్డుకోవాలి. జూదర్ నాకేమవుతాడు? నేను దూదేకులవాణ్ణి. మా ఇంట్లో తెలుగే. ఉర్దూ సరిగ్గా రాదని తురకలు మమ్మల్ని తక్కువ చూస్తారు. తెలుగు ఎంత బాగా మాట్లాడినా మిగతావాళ్లకు సాయిబులమే. కైరో జాలరి నాకు ఎంత దూరమో వేల్సు పంది కాపరీ అంతే దూరం. పైగా అల్లావుద్దీన్, ఆలీబాబా కథల్ని 1709లో పారిస్‌లో గాలన్‌కు చెప్పినవాడు హన్నా దియాబ్, అలెప్పో క్రైస్తవుడు. ఆ కథలో అల్లావుద్దీన్ ఉండేది చీనాలో! కథలు అట్లాగే తిరుగుతాయి, పేర్లు మార్చుకుంటాయి. దాసరిగారి మీద నాకు ఫిర్యాదు లేదు. ఆ జాలరిని తెలుగు చేసినవాడాయన. కానీ తెలుగు చెయ్యడమంటే పింగళుడనే ఎందుకు పెట్టాలి? మస్తాను తెలుగు పేరు కాదా? మా వైపు హిందువుల ఇళ్లలోనూ దస్తగిరులు, హుసేనప్పలు ఉంటారే!

ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' వచ్చాక సాయిబు పిల్లోడు తెలుగు కథలో బడికి పోయాడు, దెబ్బలు తిన్నాడు, అమ్మతో పోట్లాడాడు. చదివి ఏడ్చాను. అయితే మాంత్రికుడితో కత్తి తిప్పే సాయిబు పిల్ల నాకింకా కనబడలేదు. బాధలు చెప్పుకోవడానికి మాకు చోటిచ్చారు, మేమూ తీసుకున్నాం. కలగనడానికి చోటు మేమే అడగలేదేమో.

ఆ రాత్రి మిద్దె మీద పడుకుని మనవరాలికి మా జేజి చెప్పిన కథ చెప్పాను. కుందేరు పొంగినప్పుడు నీళ్లకు పోయిన పిల్లకు ఇసుకలో వెండి పంజా దొరుకుతుంది. రాత్రి కలలో పీరు వచ్చి, నన్ను ఒడ్డుకు చేర్చు, వెనక్కి మాత్రం చూడొద్దు అంటాడు. ఆ పిల్ల పంజాను నెత్తిన పెట్టుకుని ఏట్లో దిగితే నీళ్లు మోకాలి దాకా తగ్గుతాయి. వెనక నుంచి చచ్చిపోయిన అమ్మ గొంతు పిలుస్తుంది...

"చూసిందా?"

"చూడలేదు. ఏడ్చుకుంటా నడిచింది. అందుకే పీర్లు గుండం తొక్కే రాత్రి ఆ పిల్ల పేరు మీద ముందు మలీదా పంచాలనేది జేజి."

"ఆ పిల్ల పేరేంది తాతా?"

జేజి ఎప్పుడూ 'పిల్ల' అనే అనేది. నాకు తెలీదన్నాను. కాసేపు మాట్లాడలేదు. నిద్రపోయిందనుకున్నాను.

"కొప్పెర కంటే పంజానే బాగుంది" అంది చీకట్లో.

సెలవులైపోయాక నోటుపుస్తకం సంచిలో పెట్టుకుని నంద్యాల బస్సెక్కింది. పోయిన వారం ఫోన్లో అడిగాను, కథ ఎందాకా వచ్చిందని. సొరంగం దాటి ఏటి ఒడ్డుకు చేరారంట.

"మరి పేరు?"

"ఎలీనా కొట్టేశా. ఆ చోటు ఖాళీగా పెట్టినా తాతా. ఆలోచిస్తాండా."