పూతరేకు – ప్రేమనవల

చిన్న తినుబండారాల అంగడి చుట్టూ అల్లుకొన్న ప్రేమకథలు ఇంగ్లీషు జనప్రియ నవలలో ఒక ప్రత్యేక శాఖగా స్థిరపడ్డాయి. జెన్నీ కోల్గన్ 2011లో వెలువరించిన ‘మీట్ మీ ఎట్ ది కప్‌కేక్ కెఫే’ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. ఉద్యోగం పోయిన నాయిక కేకుల దుకాణం తెరచి, బ్రతుకును తిరిగి కూడగట్టుకొంటుంది. అక్కడ వండే చేయి, ఫలం అందుకొనే చేయి ఒక్కటే. పాఠకులకు కలిగే ఊరటకు ఆ ఏకత్వమే మూలం.

యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ నాటికే తెలుగు ప్రేమనవల నాయికను ఉద్యోగానికి పంపింది. ఆమెను అంగడికి పంపదలిస్తే కోనసీమలో తగిన రంగస్థలం ఆత్రేయపురం. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకు పేరులోనే శ్రమ ఉన్నది. నిప్పుసెగపై బోర్లించిన కుండమీద పలుచని బియ్యపుపిండి జారును గుడ్డతో పూయటం ‘పూత’. క్షణంలో ఆరి ఊడివచ్చే పొర ‘రేకు’. అయితే రేకు తీసే స్త్రీ వేరు, నెయ్యీ పంచదారా చేర్చి చుట్టి అమ్మే అంగడి తరచు వేరు.

కనుక ఇంగ్లీషు నమూనాను యథాతథంగా దించితే తీపి మిగిలి, సెగ కనుమరుగవుతుంది. కుండ ముందు కూర్చున్న స్త్రీకే అంగడి తాళంచెవి అందే కథ ఇక్కడ పుట్టవలసి ఉన్నది. అందులో ప్రేమకు తొలి పరీక్ష, ఆమె తీసిన రేకుకు కట్టే వెల.